దారి తెగిన ఇరవై రెండు పేర్లు

‘యూజర్ ఎర్రర్’ అన్న రెండు మాటలు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉద్యోగం మానేసి ఏళ్ళయింది, బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, అయినా మండుతుంది. తప్పు మాది కాదు, వాడినవాళ్ళది అని చెప్పడానికి మా వృత్తిలో కనిపెట్టుకున్న మర్యాదైన మాట అది. ఆ మాట నేనూ వాడాను. ఒక ఆడపిల్ల బతుకు మీద వాడాను. అందుకే కోపంలో సగం నా మీదే.

మీలో చాలామంది ఇప్పుడు అదే మాదాపూర్‌లో, గాజు గదుల్లో కూర్చుని పనిచేస్తున్నారు. మేము వచ్చేనాటికి అక్కడ గాజు కంటే రాయి ఎక్కువ. రోజూ మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట బండలు పేల్చేవాళ్ళు. పేలుడుకి ముందు ఈల ఊదితే మానిటర్లు పట్టుకుని కూర్చునేవాళ్ళం. తొంభైల చివరి సంవత్సరాలు. గుండ్రటి పెద్ద భవనం అప్పుడే తెరిచారు. అందులో చోటు దొరికిన కంపెనీలు పెద్దవి. మాది దానికి రెండు వీధుల అవతల, కింద సిమెంటు కొట్టు ఉన్న మేడ మీద, పదకొండు మందిమి.

నాది అనంతపురం జిల్లా. సి భాష బాగా వచ్చు, మాట్లాడటం బాగా రాదు. మా కంపెనీ అమ్మే సరుకు ఒక్కటే: వివరాలు దాచుకునే ఫైలు. ఒక నంబరు ఇస్తే దానికి చెందిన వివరం తీసి చేతిలో పెట్టాలి. లక్ష నంబర్లున్నా రెండు మూడు అడుగుల్లోనే తీయాలి. దానికి బి-ట్రీ అనే పద్ధతి ఉంది, మీరు కాలేజీలో చదివే ఉంటారు. చదవనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది.

ఫైలును పేజీలుగా కోసుకుంటాం. ఒక్కో పేజీలో కొన్ని నంబర్లు, వాటి వివరాలు వరుసగా ఉంటాయి. వీటన్నిటి మీద ఒక పై పేజీ ఉంటుంది. ఈ నంబరు దాకా ఈ పేజీకి పో, అది దాటితే ఆ పేజీకి పో అని దారి చెప్పడమే దాని పని. కింద పేజీ ఒకటి నిండిపోతే, దాన్ని సగానికి చీల్చి, రెండో సగాన్ని కొత్త పేజీలో పెడతాం. వెంటనే పై పేజీలో కొత్త దారి రాయాలి. ఆ దారి రాయకపోతే కొత్త పేజీ ఫైల్లోనే ఉంటుంది, అందులో వివరాలు భద్రంగానే ఉంటాయి, కానీ అక్కడికి వెళ్ళే మార్గం ఎవరికీ తెలియదు. ఉన్నా లేనట్టే.

ఆ చీల్చే భాగం రాసింది నేను. గర్వంగా రాశాను. చీల్చిన ప్రతిసారీ పేజీలన్నీ డిస్క్ మీద నిజంగా పడ్డాకే ముందుకు కదలాలని ప్రోగ్రాములో ఒక వరుస రాసిపెట్టాను. ఒకే ఒక్క వరుస.

మా దగ్గర టెస్టింగ్ చేసే ఒకావిడ ఉండేది. కాకినాడ మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న. ఆమె పరీక్షలు వింతగా ఉండేవి. ప్రోగ్రామ్ జోరుగా నడుస్తుండగా గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్ పీకేసేది. మళ్ళీ పెట్టి, ఎన్ని నంబర్లు మిగిలాయో లెక్కపెట్టేది.

“ఇది టెస్టింగ్ కాదమ్మా, హత్యాయత్నం,” అని మా మేనేజరు నవ్వేవాడు.

“ఆసుపత్రిలో కరెంటు పోదాండీ?” అనేది ఆమె.

ఆసుపత్రి అన్నది ఎందుకంటే, మాకు వచ్చిన మొదటి పెద్ద పని అదే. నగరంలో ఒక ధర్మాసుపత్రి. గుండె ఆపరేషన్ల కోసం ఎదురుచూసేవాళ్ళ వరుసను కంప్యూటర్లో పెట్టాలి. రోగికి అచ్చు వేసిన నంబరు కార్డు ఇస్తారు. ఆ నంబరు కొడితే పేరు, ఊరు, జబ్బు, వరుసలో స్థానం తెర మీద రావాలి. దానికి ముందు గుండ్రటి భవనంలో పెద్దవాళ్ళ ఎదుట ఒక ప్రదర్శన పెట్టారు. దానికి సిద్ధమవుతుండగా మా మేనేజరు నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు.

“మీ ప్రోగ్రామ్ నడుస్తుంటే డిస్క్ కరకరలాడుతోందండీ. నంబర్లు నత్తలా ఎక్కుతున్నాయి. చూసేవాళ్ళకి స్పీడ్ కనపడాలి కదా.”

“చీల్చినప్పుడల్లా డిస్క్ మీద రాస్తుంది సార్. అందుకే ఆలస్యం.”

“ఆ వరుస తీసేస్తే?”

“కరెంటు పోతే కష్టం.”

“డెమోలో కరెంటు పోదండీ. పెద్దవాళ్ళు వస్తున్నారు. అయ్యాక మళ్ళీ పెట్టేద్దురుగాని.”

తీసేశాను. నంబర్లు తెర మీద వర్షంలా కురిశాయి. చప్పట్లు కొట్టారు. నాకు కూడా సంతోషమేసింది, అబద్ధమెందుకు. ఆ వారమే ఆసుపత్రిలో పెట్టేశారు, డెమోలో వాడిన కాపీనే. “వరుస పెట్టారాండీ?” అని కాకినాడ ఆవిడ నన్ను రెండుసార్లు అడిగింది. పెడతాను, పెడతాను అన్నాను. ఆ కాపీ మీద ఆమె ప్లగ్ పీకిన పరీక్ష ఫలితం టెస్టింగ్ నివేదికలో మూడో పేజీ. ఆసుపత్రికి వెళ్ళిన నివేదికలో మూడో పేజీ లేదు. రెండు తర్వాత నాలుగు. ఒక్కరూ గమనించలేదు, ఎందుకంటే ఒక్కరూ చదవలేదు.

ఆసుపత్రిలో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం ఒక అమ్మాయికి ఇచ్చారు. ఖాజాగూడ మనిషి. ఇంటర్ చదివి, టైపు నేర్చుకుని, కాంట్రాక్టు మీద చేరింది. నేను శిక్షణకు రెండు రోజులు వెళ్ళాను. చెప్పింది చెప్పినట్టు ఒక నోట్‌బుక్కులో రాసుకునేది. అనుమానం వస్తే వదిలేది కాదు.

“పేరు తప్పు పడితే దిద్దొచ్చు గదా సార్? మరి తీసెయ్యాల్నంటే ఏడ నొక్కాలె?”

“తీసేయడం మీ తెరలో లేదమ్మా. అది సూపరింటెండెంటు గారి పాస్‌వర్డుతోనే.”

“మంచిదే. నాకెందుకు ఆ పరేషాన్,” అంది.

ఈ సంభాషణ గుర్తుంచుకోవాల్సింది నేను. గుర్తుండి కూడా నోరు మూసుకున్నది నేనే.

కంప్యూటరుకు యూపీఎస్ కూడా కొన్నారు. నెల తిరక్కుండా అది సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళింది, అక్కడ ఫ్యాను ఆగకూడదు కనుక. ఒక మధ్యాహ్నం ఆసుపత్రిలో కరెంటు పోయింది. గంటకు వచ్చింది. మా ఆఫీసులో ఫోను మోగితే నేనే ఎత్తాను.

“సార్, కరెంట్ పోయొచ్చినంక మొత్తం లెక్క తక్కువొస్తున్నది. పొద్దుగాల కొట్టినవి కొన్ని కనవడ్త లేవు.”

“సేవ్ నొక్కి ఉండరమ్మా.”

“నొక్కిన సార్. ఒక్కొక్కటికి నొక్కిన.”

“నొక్కాననుకుని ఉంటారు. మళ్ళీ ఎంటర్ చేయండి.”

“ఎట్ల చెయ్యాలె సార్? కార్డులు వాళ్ళ తోని పోయినయి. ఊర్లకు పోయిన్రు వాళ్ళు.”

“అయితే వాళ్ళు వచ్చినప్పుడు చూద్దాం,” అని పెట్టేశాను. చేతిలో వేరే పని ఉంది. అదేం పనో ఇప్పుడు గుర్తు కూడా లేదు. యూజర్ ఎర్రర్ అని పక్క కుర్చీలో మనిషికి చెప్పి నవ్వాను. అది మాత్రం గుర్తుంది.

వాళ్ళు వచ్చారు. కొన్ని వారాల తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. సంగారెడ్డి అవతల నుంచి ఒక రైతు, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నాడు. నంబరు కొడితే, ఈ నంబరు లేదు అని తెర చెప్పింది. “కార్డు మీరే ఇస్తిరి గదమ్మా,” అన్నాడతను. ఆ అమ్మాయి పైవాళ్ళకు చెప్పింది. మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు అతని లాంటివాళ్ళు ఇంకో నలుగురు కౌంటరు దగ్గర పోగయ్యారు. అరుపులు, తోపులాట. భార్య నడవలేక నేల మీద కూర్చుండిపోయింది.

అప్పుడు ఎవరో అన్నారు, ఈ పిల్ల ఊరాయన తల్లికి పోయిన నెలలోనే ఆపరేషన్ అయిందని. అది నిజమే. ఆ తల్లి పేరు వరుసలో ఎంతో ముందు నుంచి ఉంది, వంతు వచ్చింది, అయింది. కానీ అంతవరకు చూసే ఓపిక ఎవరికి? తన వాళ్ళను ముందుకు తేవడానికి మిగతా పేర్లు చెరిపేసిందని తీర్మానించారు. ఆ అమ్మాయిని ఇంటికి పంపారు. రిజిస్ట్రేషను కౌంటరు పక్క గోడ మీద నోటీసు అంటించారు: ఫలానా పేరు గల ఆపరేటరు రికార్డుల తారుమారు ఆరోపణపై విధుల నుంచి తప్పించబడినది. పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా. యూపీఎస్ ఎత్తుకెళ్ళిన మనిషి కింద సంతకం చేశాడు, అదీ అడ్డదిడ్డంగా, అక్షరం చదవడానికి వీల్లేకుండా.

మా కంపెనీకి కబురొచ్చింది. మా మేనేజరు సంతోషంగానే ఉన్నాడు. “మన ప్రోడక్టుకి సంబంధం లేదని వాళ్ళే తేల్చారండీ,” అన్నాడు.

కాకినాడ ఆవిడ మాత్రం ఆసుపత్రికి ఫోను చేసి, కనపడని నంబర్లు చెప్పమని అడిగి, రాసుకుని నా బల్ల మీద పెట్టింది. మొత్తం ఇరవై రెండు.

“చూడండి,” అంది.

చూశాను. ఇరవై రెండూ వరుస నంబర్లే. మధ్యలో ఒక్కటి తప్పిపోలేదు. కావాలని చెరిపే మనిషి ఇలా వరుసగా చెరపదు. వరుసగా పోయేది పేజీ మాత్రమే. పై పేజీని ప్రతి వెతుకులాటలోనూ తాకుతాం కనుక, ప్రోగ్రామ్ దాన్ని ఎప్పుడూ, కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలోనే అట్టిపెట్టుకుంటుంది. నేను తీసేసిన వరుస ఉంటే అది ఎప్పటికప్పుడు డిస్క్ మీదకు చేరేది. లేదు కనుక, సాయంత్రం ప్రోగ్రామ్ మూసేదాకా చేరదు. మధ్యాహ్నమే కరెంటు పోయింది. కింద పేజీలను మెమరీలో చోటు కోసం అప్పుడప్పుడు డిస్క్ మీదకు దించేస్తుంది కనుక అవి చేరాయి, పై పేజీ చేరలేదు.

ఆసుపత్రికి వెళ్ళి ఫైలును ఫ్లాపీల్లోకి ఎక్కించుకొచ్చాను. మర్నాడు పొద్దున మా ఆఫీసులో ఒక్కో పేజీ తెరిచి చూశాం. ఆమె పక్కన కూర్చుంది. మా ఫైల్లో కొత్త పేజీ ఎప్పుడూ చివర్లోనే చేరుతుంది, దాని మీద ఇంకోటి రాయదు. ఆ ఒక్క విషయంలో మా అదృష్టం బాగుంది. పదిన్నరకు దొరికింది. పై పేజీలో ఏ దారీ చూపించని పేజీ. అందులో ఇరవై రెండు నంబర్లు, ఇరవై రెండు పేర్లు. సంగారెడ్డి రైతు భార్య పేరు, ఊరు, జబ్బు. ఒక్క అక్షరం పోలేదు. ఆ అమ్మాయి ఎంత జాగ్రత్తగా కొట్టిందో అంత జాగ్రత్తగానూ ఉన్నాయి.

కాకినాడ ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేను లేచి మేనేజరు గదిలోకి వెళ్ళాను.

విన్నాడు. ఒక నిమిషం ఆలోచించాడు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది. ఆ వెలుగును నేను ఈ జన్మకు క్షమించలేను.

“బ్రహ్మాండం అండీ! చెరిపేసిన డేటాని మన టెక్నాలజీతో వెనక్కి తెచ్చామని చెబుదాం. ఆ అమ్మాయి మీద విచారణ రేపే. ప్రింటు తీయండి.”

“చెరిపేయలేదు సార్. ఎవరూ చెరపలేదు. మనం దారి రాయలేదు.”

“ఆ ముక్క ఎందుకండీ ఇప్పుడు? పేర్లు దొరికాయి కదా. రోగులకి న్యాయం జరుగుతుంది. అందరికీ మంచిదే.”

“ఆ అమ్మాయికి?”

“ఆవిడ మన ఉద్యోగి కాదండీ.”

నేనప్పుడు అక్కడే ఏదో ఒకటి అని ఉండాల్సింది. అనలేదు. ఇల్లు కట్టుకుంటున్నాను, పెళ్ళయి ఏడాది కాలేదు. ప్రింటు తీశాను.

విచారణ సూపరింటెండెంటు గదిలో జరిగింది. యూపీఎస్ మూలన గుర్రుమంటోంది. మేనేజరు, నేను, కాకినాడ ఆవిడ ఒక పక్క కూర్చున్నాం. ఆ అమ్మాయిని కూర్చోమనలేదు. నోట్‌బుక్కు గుండెకు హత్తుకుని నిలబడింది. మేనేజరు ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడి, పోయిన పేర్లను కంపెనీ ఎలా వెలికితీసిందో చెప్పాడు. సూపరింటెండెంటు తలాడించి ఆమె వైపు తిరిగాడు.

“వాళ్ళు తెలివైనవాళ్ళు కనుక నువ్వు చెరిపినవి దొరికాయి. లేకపోతే? ఇప్పుడైనా ఒప్పుకో.”

“నేను తియ్యలే సార్. ఆ దినం కరెంట్ పోయింది. పోయొచ్చినంక లెక్క తక్కువొచ్చింది. వాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేసిన. జర చూడున్రి, రాసి పెట్టుకున్న.” నోట్‌బుక్కు తెరిచి బల్ల మీద పెట్టింది. తేదీ, సమయం, ‘సేవ్ నొక్కలేదు అన్నారు, మళ్ళ కొట్టమన్నారు’ అని గుండ్రటి అక్షరాలు.

“ఎవరితో మాట్లాడావు?”

“పేరు చెప్పలే. ఒక సారు.”

మేనేజరు నవ్వాడు. “మాకు అలాంటి కాల్ రికార్డు ఏదీ లేదండీ.”

ఆమె అప్పుడు నా వైపు చూసిందనుకుంటున్నారా? చూడలేదు. రెండు రోజులు పక్కన కూర్చుని నేర్పిన మనిషిని, నా గొంతు ఆమెకు తెలియదా? తెలుసు. అయినా నా పేరు చెప్పలేదు. నేనే చెబుతానేమోనని చోటు వదిలింది. ఆ వదిలిన చోటు నన్ను కుర్చీలోంచి లేపింది.

“ఆ ఫోను ఎత్తింది నేనే సార్,” అన్నాను. “సేవ్ నొక్కలేదన్నది నేనే. ఆమె నొక్కింది. ప్రోగ్రాములో ఉండాల్సిన ఒక వరుస తీసేశాను, దానివల్ల పోయాయి. ఇంకోటి సార్. ఆమె తెరలో చెరిపే వీలే లేదు. మేమే పెట్టలేదు. ఆ పాస్‌వర్డు మీ దగ్గర మాత్రమే ఉంది.”

సూపరింటెండెంటు మేనేజరు వైపు తిరిగాడు.

“మావాడు ఎమోషనల్ అవుతున్నాడండీ,” అన్నాడు మేనేజరు.

కాకినాడ ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసింది. “ఇది మా నివేదికలో మూడో పేజీ అండీ. మీ దగ్గరున్న కాపీలో ఉండదు. ప్లగ్ పీకితే ఏమవుతుందో అప్పుడే రాశాను. చదువుకోండి.” అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంత జరిగాక న్యాయం జరిగి తీరుతుందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. పదిహేను రోజులకు విచారణ నివేదిక వచ్చింది: ‘సాంకేతిక మరియు నిర్వహణాపరమైన కారణాల సమ్మేళనం వలన జరిగినది’. ఆ వాక్యంలో మనిషి లేడు. ఫ్యాను కింద కూర్చున్నవాడు లేడు, మూడో పేజీ చింపినవాడు లేడు, నేను లేను. ఇరవై రెండు మందికీ ఉత్తరాలు వేశారు. సంగారెడ్డి రైతు భార్యకు ఆపరేషన్ అయింది, బాగుంది. చాలామంది వచ్చారు. ఒక ఉత్తరానికి మాత్రం పోస్టుకార్డు మీద జవాబొచ్చింది, మా అన్నకు ఇక తేదీ అవసరం లేదని. ఆలస్యం వల్లనే అని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఆ కార్డు నేను చూశాను, కనుక నాకు దాని నుంచి తప్పించుకునే దారి లేదు.

తీసేసిన వరుసను ఆ వారమే మళ్ళీ పెట్టాను. అదనంగా ప్రతి పేజీలోనూ పక్క పేజీ చిరునామా రాశాను, పై దారి తెగినా పక్క దారి ఉండాలని. డిస్క్ మళ్ళీ కరకరలాడింది. ఈసారి నెమ్మదని ఎవరూ అనలేదు. మేనేజరు నాతో మాట్లాడటం మానేశాడు. మూడు నెలలకు నేనే ఆ ఉద్యోగం మానేశాను. కాకినాడ ఆవిడ అంతకు ముందే వెళ్ళిపోయింది, ఆమెకు మంచి కంపెనీలో ఉద్యోగం వచ్చింది. రావాల్సిందే.

ఆ అమ్మాయికి ఆసుపత్రి నుంచి ఒక కాగితం వెళ్ళిందని తెలిసి ఖాజాగూడ వెళ్ళాను. రాళ్ళ మధ్యన చిన్న ఇల్లు. కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది. కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. కాంట్రాక్టు గడువు ముగిసినది, కావలసినచో మరల దరఖాస్తు చేసుకొనవచ్చును.

“దీంట్ల నేను తియ్యలేదని ఏడ రాసిన్రు సార్?” అని అడిగింది.

అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఎక్కడా లేదు.

“నోటీసు తీసేశారు కదమ్మా,” అన్నాను.

“గోడ మీది కాగితం తీసిన్రు. సదివినోళ్ళ మనసులకెళ్ళి ఎవరు తీస్తరు? మా బస్తీల గిప్పటికి అడుగుతరు. మా నాయిన బయటికి పోతలేడు.”

ఆమె నోట్‌బుక్కులోంచే ఒక తెల్ల కాగితం చింపించుకుని అక్కడే కూర్చుని రాశాను. ఈ ప్రోగ్రాము రాసినది నేను. ఉండవలసిన వరుస తీసినది నేను. ఫోను చేసి చెప్పినా వినిపించుకోనిది నేను. ఈమె ఒక్క పేరు కూడా చెరపలేదు, చెరపడానికి ఈమెకు వీలే లేదు. కింద సంతకం చేసి ఇచ్చాను. జిరాక్సులు తీయించి, మునుపు నోటీసు ఉన్న గోడ మీదే అంటిస్తానంది. బస్తీ చౌరస్తాలో ఒకటి, ఆసుపత్రి గేటు దగ్గర ఒకటి. ఆపమని అడగడానికి నాకు ముఖం లేదు, ఆపాలనీ అనిపించలేదు. ఆసుపత్రిలో మళ్ళీ చేరతారా అంటే తల అడ్డంగా ఊపింది. రాయదుర్గం దగ్గర ఒక బడిలో టైపు నేర్పే పని చూసుకుందట.

కాగితాన్ని నిదానంగా, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది. తర్వాత తిరిగి నా ముందు పెట్టి, సంతకం మీద వేలు ఆనించింది.

“దీని కింద మీ పేరు సాఫ్‌గ కనవడేటట్టు రాయున్రి సార్. నా పేరైతే అందరికి ఎర్కనే ఉండె.”

రాశాను. తండ్రి పేరుతో సహా.